ఇంట్లో ఒక నెట్, ఆఫీసులో ఒక నెట్, ఊళ్లో ఇంకో నెట్: ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

వారమంతా విశాఖలో ఉద్యోగం, శనివారం సాయంత్రానికి విజయనగరంలో ఇల్లు. పగలు శ్రీకాకుళంలో ఆఫీసు, రాత్రి ఆమదాలవలసలో సొంత పని. హాస్టల్‌లో కాలేజీ వైఫై, సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్. ఇలా ఒకే ల్యాప్‌టాప్ పట్టుకుని తిరిగేవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు.

"నిన్న అక్కడ బాగానే పనిచేసింది, ఇక్కడ నెట్ రావట్లేదండీ" అంటూ మా దగ్గరికి వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి రిపేరే అక్కర్లేదు. ఒకచోటి కోసం పెట్టిన సెట్టింగ్ ఇంకోచోట అడ్డం పడుతుంది, అంతే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: ల్యాప్‌టాప్‌ను వీలైనంత వరకు ఆటోమేటిక్‌లోనే వదిలేయండి. ఎక్కడైనా మార్పు తప్పదంటే ఆ మార్పు ఆ ఒక్క నెట్‌వర్క్‌కే వర్తించేలా పెట్టండి, మొత్తం ల్యాప్‌టాప్‌కు కాదు. కింద చెప్పే పద్ధతులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఆఫీసులో వచ్చే నెట్ ఇంటికొస్తే ఎందుకు రాదు? వైఫై గుర్తు మాత్రం నిండుగా కనిపిస్తోంది.

వైఫై గుర్తు నిండుగా ఉందంటే మీ ల్యాప్‌టాప్‌కు, రౌటర్‌కు మధ్య సిగ్నల్ బాగుందని మాత్రమే అర్థం. నెట్ రావాలంటే ఇంకో మూడు విషయాలు కుదరాలి: ల్యాప్‌టాప్‌కు ఆ నెట్‌వర్క్‌లో చెల్లే ఐపీ అడ్రస్ (అంకెల్లో ఉండే చిరునామా), బయటికి దారి చూపే గేట్‌వే, వెబ్‌సైట్ పేరు చెబితే దాని అడ్రస్ వెతికిపెట్టే డీఎన్ఎస్.

మామూలుగా ఈ మూడూ రౌటరే ఇస్తుంది. ఆ ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ. మీరు ఏ రౌటర్ దగ్గరికి వెళ్తే ఆ రౌటర్ తన లెక్క ప్రకారం కొత్త అడ్రస్ ఇస్తుంది. గొడవ ఎక్కడ మొదలవుతుందంటే, కొన్ని ఆఫీసుల్లో ప్రింటర్ కోసమో, సర్వర్ కోసమో, ఎవరు ఏ సిస్టమ్ వాడుతున్నారో తెలియడం కోసమో ఐపీని చేత్తో టైప్ చేసి పెడతారు. ఉదాహరణకు మీ ల్యాప్‌టాప్‌లో 192.168.1.50 అని పెట్టి, గేట్‌వే 192.168.1.1 అని రాశారనుకోండి. సాయంత్రం ఇంటికొచ్చారు. ఇంట్లో జియోఫైబర్ ఉంటే దాని రౌటర్ అడ్రస్ సాధారణంగా 192.168.29.1. ఐఫోన్ హాట్‌స్పాట్ అయితే 172.20.10.1. మీ ల్యాప్‌టాప్ మాత్రం ఇంకా 192.168.1.1 కోసమే వెతుకుతూ కూర్చుంటుంది. కంటోన్మెంట్‌కు ఇల్లు మారినవాడి కోసం పోస్ట్‌మ్యాన్ దాసన్నపేట పాత చిరునామాలో తలుపు కొట్టినట్టు.

ఇంట్లో కూడా రౌటర్ 192.168.1.1 అయితే అదృష్టం కొద్దీ పనిచేసేస్తుంది. "మా అన్నయ్య ఇంట్లో వస్తుంది, మా ఇంట్లో రాదు" అని బుర్ర గోక్కునేది ఇలాంటప్పుడే.

నా ల్యాప్‌టాప్‌లో ఏ సెట్టింగ్ ఇరుక్కుందో ఎలా తెలుసుకోవాలి?

స్టార్ట్ మెనూలో సీఎండీ అని ఇంగ్లీషులో కొట్టి, నల్ల విండో తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. వైఫై వాడుతుంటే వైఫై అనే భాగం కింద, కేబుల్ అయితే ఈథర్‌నెట్ కింద చూడండి.

ఐపీ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ రాలేదని అర్థం. ఎవరూ ఇవ్వకపోతే విండోస్ తనకు తానే పెట్టుకునే అడ్రస్ అది, దాంతో ఇంటర్నెట్ రాదు. ఇక్కడ అనుమానం రౌటర్ మీదకో, కేబుల్ మీదకో వెళ్లాలి. ఒకసారి రౌటర్ ఆపి, అర నిమిషం ఆగి వెయ్యండి.

ఐపీ మామూలుగానే ఉంది కానీ మీ ఫోన్‌కు అదే వైఫైలో వచ్చిన ఐపీతో పోలిస్తే చుక్కల మధ్య ఉండే మొదటి మూడు సంఖ్యలు వేరుగా ఉన్నాయా? అయితే ఎవరో చేత్తో పెట్టిన ఐపీ ఇరుక్కుంది. ఇళ్లలోని రౌటర్లకు ఈ పోలిక చక్కగా పనికొస్తుంది.

ఐపీ సరిగ్గానే ఉండి, డెస్క్‌టాప్ వాట్సాప్ లాంటివి నడుస్తూ బ్రౌజర్ మాత్రం మొరాయిస్తుంటే డీఎన్ఎస్ గానీ ప్రాక్సీ గానీ కారణం అయి ఉండొచ్చు. వాటి సంగతి కింద ఉంది.

విండోస్‌లో ఒక్కో వైఫైకి వేర్వేరు ఐపీ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఈ ఒక్కటి తెలిస్తే సగం మంది సమస్య తీరిపోతుంది, కానీ ఇది చాలామంది కంట పడదు.

కారణం పాత అలవాటు. ఐపీ మార్చాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, వైఫై మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, అందులో ఐపీ వెర్షన్ 4 తెరవడం మనందరికీ చేతికి అలవాటైన దారి. అక్కడ పెట్టింది ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డుకు అంటుకుంటుంది. అంటే మీరు ఏ వైఫైకి వెళ్లినా అదే ఐపీ వెంట వస్తుంది.

ఇప్పటి విండోస్‌లో ఇంకో దారి ఉంది. సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్ అని వెళ్లండి. మీరు ఇప్పటిదాకా కలిపిన వైఫైల పేర్లన్నీ వస్తాయి. ఆఫీసు వైఫై పేరు నొక్కి, ఐపీ అసైన్‌మెంట్ పక్కనున్న ఎడిట్ నొక్కి, మాన్యువల్ ఎంచుకుని, ఐపీవీ4 ఆన్ చేసి, ఆఫీసువాళ్లు ఇచ్చిన అంకెలు అక్కడ వేయండి. ఇది ఆ పేరున్న వైఫైకే వర్తిస్తుంది. ఇంటి వైఫైకి కలిస్తే ఇంటి సెట్టింగ్, ఆఫీసు వైఫైకి కలిస్తే ఆఫీసు సెట్టింగ్. రోజూ మీరు ముట్టుకోవాల్సింది ఏమీ ఉండదు.

రెండు జాగ్రత్తలు. ఇది చేసేముందు పాత కంట్రోల్ ప్యానెల్ దారిలో వెళ్లి అక్కడున్న ఐపీ, డీఎన్ఎస్ రెండింటినీ ఆటోమేటిక్‌కు మార్చాలి. లేకపోతే కార్డుకు అంటుకున్నదే గెలుస్తుంది. విండోస్ 11 అయితే "అన్ని వైఫై నెట్‌వర్క్‌లకూ కలిపి సెట్టింగ్ ఉంది, కింద పెట్టినవి వాడబోము" అనే అర్థంలో ఇంగ్లీషులో ఒక గమనిక కూడా చూపిస్తుంది, మనమే చదవకుండా దాటేస్తాం. రెండోది, కొన్ని వెర్షన్లలో సబ్‌నెట్ మాస్క్ (ఐపీలో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పే అంకెలు) బదులు ప్రిఫిక్స్ లెంగ్త్ అని అడుగుతుంది. అక్కడ 255.255.255.0 అని వేస్తే ఒప్పుకోదు, 24 అని వేయాలి. రెండూ ఒకటే.

మా ఆఫీసులో వైఫై కాదు, కేబుల్. దానికీ ఇలాగే కుదురుతుందా?

అంత సులువుగా కుదరదు. వైఫైకి పేరు ఉంటుంది కాబట్టి విండోస్ గుర్తుపడుతుంది, కేబుల్‌కు అలాంటి పేరు ఉండదు. ఏ గోడలోంచి వచ్చిన కేబులైనా ల్యాప్‌టాప్‌లో దూరేది ఒకే పోర్టులో, ఆ పోర్టుకు ఉండేది ఒకే సెట్టింగ్. అయినా రెండు దారులున్నాయి.

మొదటిది విండోస్‌లోనే ఉంది, పేరు ఆల్టర్నేట్ కాన్ఫిగరేషన్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కార్డుల జాబితా వస్తుంది. ఈథర్‌నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఐపీ వెర్షన్ 4, మళ్లీ ప్రాపర్టీస్. పైన ఆటోమేటిక్ ఎంచుకుని ఉంటే పక్కన ఇంకో ట్యాబ్ కనిపిస్తుంది. అందులో యూజర్ కన్ఫిగర్డ్ నొక్కి ఆఫీసు ఐపీ వేయండి. ఇక ఇంట్లో రౌటర్ అడ్రస్ ఇస్తే అది తీసుకుంటుంది. ఎవరూ ఇవ్వకపోతే మీరు రాసిన ఆఫీసు ఐపీ పెట్టుకుంటుంది. కేబుల్ పెట్టాక ఒక నిమిషం దాకా ఆగాల్సి రావచ్చు, కంగారుపడి పీకేయకండి. మీ ఆఫీసులో రౌటర్ కూడా సొంతంగా ఐపీలు పంచుతూ, మీకు మాత్రం చేత్తో పెట్టమంటే ఈ చిట్కా పనిచేయదు. ఎందుకంటే రౌటర్ ఇచ్చినదే ముందు తీసుకుంటుంది.

రెండోది నాకు ఎక్కువ నచ్చినది: ఒక యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కొనుక్కోవడం. విండోస్ ప్రతి అడాప్టర్‌కు సెట్టింగ్ విడిగా గుర్తుపెట్టుకుంటుంది. ల్యాప్‌టాప్ సొంత పోర్టును ఆటోమేటిక్‌లో వదిలేసి, ఆఫీసు ఐపీ మొత్తం ఆ చిన్న అడాప్టర్‌లో పెట్టేయండి. దాని మీద స్టిక్కర్ అంటించి "ఆఫీసు" అని రాసుకోండి. ఆఫీసుకు వెళ్తే అది తగిలించాలి, ఇంటికొస్తే తీసేయాలి, అంతే. కొన్ని అడాప్టర్లను వేరే యూఎస్‌బీ పోర్టులో పెడితే విండోస్ కొత్త పరికరం అనుకుని సెట్టింగ్ మర్చిపోతుంది, కాబట్టి ఎప్పుడూ ఒకే పోర్టులో పెట్టండి. ఇప్పటి సన్న ల్యాప్‌టాప్‌లకు ఎలాగూ ల్యాన్ పోర్టు ఉండట్లేదు, ఈ ఖర్చు తప్పదు.

అసలు చేత్తో ఐపీ పెట్టకుండా ఉండే మార్గం లేదా?

ఉంది, అదే అన్నిటికన్నా మంచిది. "ఈ ల్యాప్‌టాప్ వస్తే ఎప్పుడూ ఇదే ఐపీ ఇవ్వు" అని రౌటర్‌లోనే రాసిపెట్టవచ్చు. రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనో, అడ్రస్ రిజర్వేషన్ అనో ఉంటుంది. ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే వచ్చే గుర్తింపు నంబర్), కావాల్సిన ఐపీ అక్కడ వేస్తే సరి. ల్యాప్‌టాప్ ఆటోమేటిక్‌లోనే ఉంటుంది, ఆఫీసులో మాత్రం ప్రతిసారీ అదే ఐపీ వస్తుంది. రెండు సిస్టమ్‌లకు ఒకే ఐపీ పడి కొట్టుకోవడమూ ఉండదు. మీ ఆఫీసు రౌటర్ చూసే మనిషి ఉంటే ముందు ఈ మాట అడగండి. కుదరదంటేనే పై పద్ధతులకు రండి.

నేను సీసీటీవీ పని చేస్తాను. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో ఒక రికార్డర్, నరసన్నపేటలో బట్టల షాపులో ఇంకోటి. ఒక్కోదాని ఐపీ ఒక్కోలా ఉంటుంది. రోజూ మార్చి మార్చి చేయి నొప్పెడుతోంది.

మీలాంటివాళ్లకు యూఎస్‌బీ అడాప్టర్ ఒక్కటే సరిపోదు, ప్రొఫైళ్లు మార్చే సాఫ్ట్‌వేర్ కావాలి. నెట్‌సెట్‌మ్యాన్ అనేది చాలా ఏళ్లుగా ఉంది. ఒక్కో చోటికి ఒక్కో ప్రొఫైల్ రాసిపెట్టుకుంటే ఒక్క నొక్కుతో ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్, ప్రింటర్ వంటివన్నీ కలిపి మారుస్తుంది. ఉచిత వెర్షన్ సొంత వాడకానికే. వ్యాపారానికి వాడితే డబ్బు కట్టాలి, మీది వ్యాపారమే కాబట్టి ఆ లెక్క చూసుకోండి. సింపుల్ ఐపీ కాన్ఫిగ్ అనే ఇంకోటి చిన్నది, ఐపీ మార్పు వరకు చాలు. ఏదైనా దాని అసలు సైట్ నుంచే దించుకోండి. ఇలాంటివాటికి అడ్మిన్ అనుమతి కావాలి కాబట్టి, ఎక్కడపడితే అక్కడ దొరికిన కాపీ పెట్టుకోవడం ప్రమాదం.

ఇంకో మాట, ఇది మీ పనిలో బాగా పనికొస్తుంది. రికార్డర్‌కు కేబుల్ తగిలించినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఐపీ, సబ్‌నెట్ మాస్క్ మాత్రమే వేసి, గేట్‌వే గడి ఖాళీగా వదిలేయండి. అప్పుడు ల్యాప్‌టాప్ రికార్డర్‌తో కేబుల్ మీద మాట్లాడుతుంది, ఇంటర్నెట్ మాత్రం మీ ఫోన్ హాట్‌స్పాట్ నుంచి తీసుకుంటుంది. గేట్‌వే నింపేస్తే విండోస్ సాధారణంగా కేబుల్‌నే ముందు నమ్ముతుంది, రికార్డర్ దగ్గర ఇంటర్నెట్ ఉండదు, అక్కడే నిలిచిపోతుంది. ఒకవేళ హాట్‌స్పాట్ అంకెలు, రికార్డర్ అంకెలు ఒకే వరుసలో పడ్డాయా, అంటే రెండూ 192.168.1తో మొదలయ్యాయా, అప్పుడు మాత్రం వైఫై ఆపేసి పని చేసుకోవడమే మంచిది.

బయోమెట్రిక్ హాజరు మెషీన్లు, వేబ్రిడ్జి సిస్టమ్‌లు చూసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

కాలేజీ హాస్టల్‌లో ప్రాక్సీ పెట్టమన్నారు. సెలవులకు ఊరొస్తే ఏ సైటూ తెరుచుకోవట్లేదు.

రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల... ఎక్కడ చదివే పిల్లలైనా ప్రాక్సీ వాడే హాస్టల్ అయితే సంక్రాంతి సెలవుల్లో ఈ ప్రశ్న రాక మానదు. ప్రాక్సీ అంటే మీ బ్రౌజర్ నేరుగా బయటికి వెళ్లకుండా కాలేజీలోని ఒక సర్వర్ ద్వారా వెళ్లడం. ఊళ్లో ఆ సర్వర్ అందదు కాబట్టి "ప్రాక్సీ సర్వర్ స్పందించడం లేదు" అని వస్తుంది.

విండోస్‌లో చేత్తో పెట్టిన ప్రాక్సీ వైఫై పేరును బట్టి మారదు. ఒకసారి ఆన్ చేస్తే అన్నిచోట్లా ఆన్‌లోనే ఉంటుంది. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీలోకి వెళ్లి మాన్యువల్ ప్రాక్సీని ఆఫ్ చేస్తే ఇంట్లో నెట్ వచ్చేస్తుంది. అడ్రస్, పోర్టు చెరిగిపోవు, తిరిగి వెళ్లాక ఆన్ చేస్తే చాలు.

అదీ బద్ధకంగా ఉంటే ఇలా చేయండి. విండోస్ ప్రాక్సీని ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తన సొంత ప్రాక్సీ సెట్టింగ్ ఉంటుంది, విండోస్‌తో సంబంధం లేకుండా. కాలేజీ ప్రాక్సీని ఫైర్‌ఫాక్స్‌లో మాత్రమే పెట్టుకోండి. క్రోమ్, ఎడ్జ్ రెండూ విండోస్ చెప్పినట్టు నడుస్తాయి కాబట్టి వాటిని ఇంటికి వదిలేయండి. హాస్టల్‌లో ఫైర్‌ఫాక్స్, ఇంట్లో క్రోమ్. మార్చాల్సింది సెట్టింగ్ కాదు, నొక్కే బొమ్మ.

కంప్యూటర్ సైన్స్ పిల్లలకు అదనంగా: గిట్, పిప్ లాంటివాటికి ప్రాక్సీ విడిగా పెట్టి ఉంటే అది విండోస్‌లో ఆఫ్ చేసినంత మాత్రాన పోదు. బ్రౌజర్ బాగానే ఉండి, ప్రాజెక్టు ఫైళ్లు మాత్రం దిగకపోతే అక్కడ చూడండి.

8.8.8.8 పెట్టుకుంటే నెట్ స్పీడ్ పెరుగుతుందని అందరూ అంటారు. పెట్టొచ్చా?

స్పీడ్ పెరగదు. 8.8.8.8 గూగుల్ 2009లో మొదలుపెట్టిన డీఎన్ఎస్, 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్ 2018లో తెచ్చినది. మీ నెట్ కంపెనీ డీఎన్ఎస్ మొరాయిస్తున్నప్పుడు ఇవి ఆదుకుంటాయి, సైట్ తెరుచుకోవడం మొదలయ్యే ఆలస్యం కాస్త తగ్గొచ్చు. సినిమా దిగే వేగం మాత్రం అదే.

తిరిగేవాళ్లకు దీనితో రెండు చిక్కులు. ఆఫీసు లోపలి సర్వర్ పేర్లు ఆఫీసు డీఎన్ఎస్‌కే తెలుసు, గూగుల్‌కు తెలియవు. రెండోది లాగిన్ పేజీ అడిగే వైఫైలు, వాటి సంగతి కింది ప్రశ్నలో. పెట్టుకోవాలనుంటే ఇంటి వైఫై పేరు కిందే పెట్టుకోండి, మొత్తం ల్యాప్‌టాప్‌కు కాదు.

విజయనగరం స్టేషన్‌లో వైఫై కలుస్తుంది కానీ లాగిన్ పేజీ రాదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లోనూ అంతే.

రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ ఇచ్చే రైల్‌వైర్ వైఫైకి ఫోన్ నంబర్ ఇచ్చి, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లాలి. రోజుకు మొదటి 30 నిమిషాలు ఉచితం. ఆ లాగిన్ పేజీ ఎలా వస్తుందంటే, మీరు ఏదో సైట్ అడుగుతారు, వైఫై మధ్యలో అడ్డుకుని తన పేజీ చూపిస్తుంది. మీరు చేత్తో డీఎన్ఎస్ పెట్టుకున్నా, వీపీఎన్ (మీ నెట్‌ను వేరే సర్వర్ మీదుగా పంపే సాఫ్ట్‌వేర్) ఆన్‌లో ఉన్నా, ప్రాక్సీ మిగిలిపోయినా ఆ అడ్డుకోవడం కుదరదు. పేజీ రాదు, మీరు వైఫైని తిడతారు.

మూడూ తీసేసి మళ్లీ కలపండి. అప్పటికీ రాకపోతే బ్రౌజర్‌లో నెవర్ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ అని ఇంగ్లీషులో కొట్టండి. ఆ సైట్ తాళం లేని పాత తరహా పద్ధతిలో తెరుచుకుంటుంది కాబట్టి లాగిన్ పేజీ మధ్యలోకి రావడానికి వీలవుతుంది. లాడ్జి వైఫైలకూ ఇదే మందు.

బ్యాంకు పనులు మాత్రం ఇలాంటి వైఫైలో వద్దు. ఆ రెండు నిమిషాలకు ఫోన్ హాట్‌స్పాట్ వాడండి.

ఊళ్లో హాట్‌స్పాట్ వేస్తే పొద్దున్నే రోజు డేటా అంతా అయిపోతోంది. ల్యాప్‌టాప్‌లో నేనేమీ చూడలేదు కూడా.

మీరు చూడలేదు, విండోస్ చూసింది. అప్‌డేట్లు దించుకోవడం, ఫోటోలు వన్‌డ్రైవ్‌కు ఎక్కించడం లాంటి పనులన్నీ అది "వైఫై దొరికింది కదా" అని మొదలుపెడుతుంది. ఆ వైఫై వెనక మీ ఒకటిన్నర జీబీ రోజువారీ ప్యాక్ ఉందని దానికి తెలియదు.

చెప్పాలి. మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్‌లో మీ ఫోన్ పేరు నొక్కి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. అప్పుడు చాలా అప్‌డేట్లు ఆగుతాయి, వన్‌డ్రైవ్ తనంతట తాను పాజ్ అవుతుంది. ఇది కూడా ఆ పేరుకే వర్తిస్తుంది, ఇంటి ఫైబర్‌కు వెళ్తే మామూలే. ఫోన్ హాట్‌స్పాట్ పేరు మాత్రం మాటిమాటికీ మార్చకండి. పేరు మారితే విండోస్ దాన్ని కొత్త వైఫై అనుకుంటుంది, మీటర్డ్ గుర్తు ఉండదు.

కొత్త వైఫైకి కలిసినప్పుడు పబ్లిక్, ప్రైవేట్ అని అడుగుతుంది. ఏది నొక్కాలి?

మీ ఇల్లు, మీకు తెలిసిన ఆఫీసు అయితే ప్రైవేట్. మిగతా అన్నిచోట్లా పబ్లిక్. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టిఫిన్ సెంటర్ వైఫై అయినా, బంధువుల పెళ్లి జరిగే కల్యాణమండపం వైఫై అయినా పబ్లిక్కే. ప్రైవేట్‌లో ఉంటే పక్క సిస్టమ్‌లకు మీ ల్యాప్‌టాప్ కనిపిస్తుంది, షేర్ చేసిన ఫోల్డర్లు అందుతాయి. ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య ఫైల్ వెళ్లట్లేదంటే ఇల్లు పబ్లిక్‌గా పడిందేమో చూసుకోండి.

షాపులో ట్యాలీ డేటా సర్వర్‌లో ఉంటుంది. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే నెట్‌వర్క్ డ్రైవ్‌లు కలవలేదని మెసేజ్, ఫోల్డర్లు తెరుచుకోవడం కూడా నెమ్మది.

షాపులో మ్యాప్ చేసిన డ్రైవ్‌ను, అంటే సర్వర్ ఫోల్డర్‌ను ఒక డ్రైవ్ అక్షరంతో కలిపిపెట్టినదాన్ని, ల్యాప్‌టాప్ ఇంట్లో కూడా వెతుకుతోంది. ఆ డ్రైవ్‌ను డిస్‌కనెక్ట్ చేసి, మళ్లీ మ్యాప్ చేసేటప్పుడు "సైన్ ఇన్ అయినప్పుడు మళ్లీ కలుపు" అనే అర్థం వచ్చే టిక్ తీసేయండి. లేదా మ్యాప్ మానేసి డెస్క్‌టాప్ మీద ఆ ఫోల్డర్‌కు షార్ట్‌కట్ పెట్టుకోండి. షార్ట్‌కట్ అయితే మీరు నొక్కినప్పుడే వెతుకుతుంది. ట్యాలీ డేటా దారి డ్రైవ్ అక్షరంతో ఇచ్చి ఉంటే మాత్రం మీ అకౌంటెంట్‌ను అడిగి మార్చండి.

ప్రింటర్ కూడా ఇలాంటిదే. సెట్టింగ్స్‌లో ప్రింటర్ల దగ్గర "డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోస్ చూసుకోనివ్వు" అనేది ఆన్‌లో ఉంటే చివరిసారి వాడిన ప్రింటరే డిఫాల్ట్ కావచ్చు. అలాంటప్పుడు ఇంట్లో కరెంటు బిల్లు ప్రింట్ కొడితే ఆఫీసు ప్రింటర్ క్యూలో కూర్చుని, మర్నాడు పొద్దున అందరి ముందూ బయటికొస్తుంది.

మ్యాక్‌బుక్‌లో దీనికి సులువు ఉందని విన్నాను.

ఉంది, పేరు లొకేషన్స్. ఈ ఒక్క విషయంలో విండోస్ కంటే మ్యాక్ ఎప్పటినుంచో మేలు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ తెరిచి, కింద మూడు చుక్కల బటన్ నొక్కితే లొకేషన్స్ కనిపిస్తుంది. అక్కడ "ఆఫీసు", "ఇల్లు" అని కొత్తవి చేర్చుకుని, ఒక్కోదానిలో ఐపీ, డీఎన్ఎస్, ప్రాక్సీ విడిగా పెట్టుకోండి. తర్వాత పైన యాపిల్ గుర్తు నొక్కి, లొకేషన్‌లో కావాల్సింది ఎంచుకుంటే మొత్తం మారిపోతుంది. ప్రాక్సీ కూడా కలిసి మారడం కాలేజీ పిల్లలకు పెద్ద ఊరట. మారేటప్పుడు కనెక్షన్ ఒక్క క్షణం తెగుతుంది, ఆన్‌లైన్ మీటింగ్ మధ్యలో చేయకండి.

ఉబుంటులో?

వైఫైకి ఏ పేరుకు ఆ సెట్టింగ్ మొదటినుంచీ విడివిడిగానే ఉంటుంది. కేబుల్‌కు కూడా సెట్టింగ్స్, నెట్‌వర్క్, వైర్డ్ పక్కన ప్లస్ నొక్కి ఎన్ని ప్రొఫైళ్లయినా చేర్చుకుని, కావాల్సినదాని మీద నొక్కితే మారుతుంది. అదనపు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఆఫీసువాళ్లు నా మ్యాక్ అడ్రస్ రాసుకున్నారు. అయినా కొన్ని రోజులు కలుస్తుంది, కొన్ని రోజులు కలవదు.

ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ల్యాప్‌టాప్ అసలు మ్యాక్ అడ్రస్‌ను దాచి వేరేది చూపిస్తుంది. రోజూ మారేలా పెట్టి ఉంటే ఆఫీసు మిమ్మల్ని రోజూ కొత్త మనిషిగానే చూస్తుంది. ఆఫీసు వైఫై పేరు కింద మాత్రం ఆఫ్ చేయండి. స్టేషన్లలో, లాడ్జిల్లో అది ఆన్‌లో ఉండటమే మంచిది. పైన చెప్పిన రౌటర్ రిజర్వేషన్ కూడా ఇది ఆఫ్ చేస్తేనే నిలుస్తుంది.

ఇంట్లో మేడ మీద ఒక రౌటర్, కింద ఒక రౌటర్. రెండిటికీ ఒకే పేరు పెట్టొచ్చా? మా పొలం గదిలోనూ అదే పేరు పెడదామని.

ఒకే ఇంట్లో, ఒకే కనెక్షన్ మీద అయితే పెట్టొచ్చు, ల్యాప్‌టాప్ తానే ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతుంది. పొలం గదిలోది వేరే కనెక్షన్ అయినా పేరు, పాస్‌వర్డ్ ఒకటే పెడితే అడగకుండా కలుస్తుంది. కానీ ఇంటి వైఫై పేరు కింద చేత్తో ఐపీ పెట్టి ఉంటే అక్కడ అదే ఐపీ పడుతుంది, మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తాం. చేత్తో పెట్టిన ఐపీ ఉంటే పేర్లు వేరుగా ఉంచండి.

ఇంకోటి, పక్కింటివాళ్ల బలహీనమైన వైఫైకి ఎప్పుడో కలిపి వదిలేశారా? దాని పేరు దగ్గర కనెక్ట్ ఆటోమేటికల్లీ తీసేయండి. మీ సొంత రౌటర్ కరెంటు పోయి వచ్చేలోపు ల్యాప్‌టాప్ అటు పోయి అక్కడే వేలాడుతుంది.

తుఫాను వచ్చి ఫైబర్ తెగితే ల్యాప్‌టాప్‌లో ఏమైనా మార్చాలా?

ఆటోమేటిక్‌లో ఉంటే ఏమీ మార్చక్కర్లేదు, హాట్‌స్పాట్‌కు కలపడమే. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం వైపు కొబ్బరి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలిపోయాయి. మన దగ్గర ఫైబర్ కేబుళ్లు చాలాచోట్ల ఆ స్తంభాల మీదుగానే వస్తాయి. అందుకే తుఫాను హెచ్చరిక రాగానే చేయాల్సిన పని రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లతో హాట్‌స్పాట్‌ను ముందే ఒకసారి కలిపి, మీటర్డ్ పెట్టి ఉంచుకోవడం. కరెంటు లేని రాత్రి పాస్‌వర్డ్ వెతుక్కునే టెన్షన్ ఉండదు.

పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజున విజయనగరంలో హాట్‌స్పాట్ నడవడం లేదని అడిగేవాళ్లకు మాత్రం మందు లేదు. లక్షల మంది ఒకేచోట ఫోన్లు తీస్తే టవర్ ఏం చేస్తుంది? ఆ రోజు ల్యాప్‌టాప్ మూసేసి ఉత్సవం చూడండి.

విసిగిపోయి నెట్‌వర్క్ రీసెట్ కొట్టేద్దామనుకుంటున్నాను.

ఆఖరికి చేయండి, ముందే వద్దు. అది అడాప్టర్లన్నిటినీ తీసేసి మళ్లీ పెడుతుంది. మీరు చేత్తో పెట్టినవన్నీ పోతాయి, వీపీఎన్ సాఫ్ట్‌వేర్ కూడా మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. కొట్టేముందు నల్ల విండోలో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ అని కొట్టి, తెర మొత్తానికి ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ప్రాక్సీ పేజీకి కూడా ఒక ఫోటో. వైఫై పాస్‌వర్డ్‌లు తెలుసో లేదో చూసుకోండి.

ఇవన్నీ చేసినా రాకపోతే షాపుకి తెచ్చేముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

నెట్ వచ్చేచోట ఒకటి, రానిచోట ఒకటి, ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ ఫోటోలు రెండూ ఉంటే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. ఆ ల్యాప్‌టాప్ ఆఫీసుదైతే సెట్టింగ్స్ మార్చే అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కోండి. అది లేకపోతే ఎవరి చేతిలోనూ పని జరగదు, ఛార్జర్ మోసుకొచ్చిన కష్టమే మిగులుతుంది.